డ్రోన్ విడిభాగాలు విదేశాల నుంచి తెప్పిస్తే అసలు ఖర్చెంత?

ప్రశ్న: మాది విజయవాడ. జీతం నెలకు రూ.52,000. ఎఫ్‌పీవీ డ్రోన్లు (కెమెరా దృశ్యాన్ని చూస్తూ నడిపేవి) సొంతంగా తయారు చేసుకోవడం నా హాబీ. ఈమధ్య ఒక విదేశీ వెబ్‌సైట్‌లో రూ.16,000 పెట్టి మోటార్లు, ఈఎస్‌సీ (మోటార్ల వేగాన్ని నియంత్రించే బోర్డు), ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను అదుపులో ఉంచే బోర్డు) కొన్నాను. షిప్పింగ్‌కు రూ.4,800 అయింది. పార్సిల్ వచ్చాక కొరియర్ వాళ్లు ఇంకో రూ.7,420 కట్టించుకున్నారు. ఆ బిల్లు సరైనదేనా? ఆర్డర్‌ను మూడు పార్సిళ్లుగా తెప్పిస్తే సుంకం తప్పుతుందా? అమెరికాలో ఉన్న మా బావ గిఫ్ట్‌గా పంపితే ఎలా ఉంటుంది? బిల్లు కాపీ జత చేశాను.

జవాబు: మీ బిల్లులో రేట్లు సరిగానే ఉన్నాయి. తేడా వచ్చింది విలువ కట్టిన చోట. సుంకాన్ని వస్తువు ధర మీద మాత్రమే వేయరు. ధరకు రవాణా, బీమా కలిపి, ఆ మొత్తం మీద వేస్తారు. అయితే విమానంలో వచ్చే సరుకుకు, మీరు నిజంగా ఎంత కట్టినా, రవాణా ఖర్చు కింద వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపకూడదని కస్టమ్స్ విలువ నిర్ధారణ నిబంధనలు చెబుతున్నాయి. అంటే మీ విషయంలో రూ.3,200 కలపాలి. కొరియర్ సంస్థ రూ.4,800 మొత్తం కలిపేసింది.

లెక్క చూడండి. 16,000కు 3,200 రవాణా, 1.125 శాతం బీమా అంటే 180 కలిపితే రూ.19,380. దానిపై 10 శాతం బేసిక్ డ్యూటీ 1,938. ఆ డ్యూటీలో పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్, సుమారు 194. ఇవన్నీ కలిపిన మొత్తంపై 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతిపై పడే జీఎస్టీ), 3,872. సుంకం వెరసి రూ.6,004 కావాలి. మీ దగ్గర రూ.6,500 వసూలు చేశారు. మిగతా రూ.920 కొరియర్ సొంత రుసుము, దానిపై జీఎస్టీ. మీ తరఫున ముందుగా సుంకం కట్టినందుకు తీసుకునే డబ్బు ఇది.

ఆ రూ.496 వెనక్కి వస్తుందా? సుంకం కట్టిన ఏడాదిలోగా రీఫండ్ అడిగే వీలు చట్టంలో ఉంది. కానీ ముందు ఆ అసెస్‌మెంట్‌ను, అంటే కస్టమ్స్ సుంకం లెక్కను, సవరించుకోవాలి, లేదంటే రీఫండ్ దరఖాస్తు నిలవదు. ఇంత చిన్న మొత్తానికి ఆ తిరుగుడు వద్దు. ఈసారి నుంచి కొరియర్ వాళ్లు కేవైసీ కోసం మెయిల్ పంపగానే, సరుకు ధర, షిప్పింగ్ వేర్వేరుగా చూపించే ఇన్వాయిస్‌తో పాటు 20 శాతం పరిమితి వర్తింపజేయమని ఒక వాక్యం రాసి పంపండి. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) దాఖలు కాకముందే ఆ మెయిల్ వాళ్లకు చేరాలి.

పాత వీడియోల్లో వ్యక్తిగత దిగుమతికి 42.08 శాతం సుంకం అని చెబుతుంటారు. అది ఐజీఎస్టీ 28 శాతం ఉన్నప్పటి లెక్క. వ్యక్తిగత వినియోగ వస్తువులపై 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం అయింది. పాత లెక్కతో బడ్జెట్ వేసుకోకండి.

ఇప్పుడు మొత్తం ఖర్చు చూద్దాం. విదేశీ కరెన్సీలో చెల్లించినందుకు మీ క్రెడిట్ కార్డు 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము), దానిపై జీఎస్టీ వేసింది. అదో రూ.859. అన్నీ కలిపితే 16,000 రూపాయల సరుకు మీ చేతికి వచ్చేసరికి రూ.29,079 అయింది. పైన పడిన 13,079లో సుంకం సగమే. మిగతా సగం షిప్పింగ్, కార్డు, కొరియర్ రుసుములు. మీరు తగ్గించుకోగలిగింది ఈ రెండో సగాన్నే.

అందుకే ఆర్డర్‌ను మూడు ముక్కలు చేయడం నష్టం. మీరు కొనుక్కునే సరుకుకు ఫలానా విలువ లోపు సుంకం ఉండదన్న మినహాయింపు మన దేశంలో లేదు. మూడు పార్సిళ్లయితే సుంకం మూడుసార్లూ పడుతుంది, రూ.920 కాస్తా రూ.2,760 అవుతుంది. విడగొట్టే బదులు కలపండి. కాకపోతే సంఖ్య చూసుకోండి. ఒక డ్రోన్‌కు నాలుగు మోటార్లు, స్పేర్‌గా ఒకటి అంటే వ్యక్తిగత వినియోగమని ఎవరైనా ఒప్పుకుంటారు. అవే నలభై ఉంటే వ్యాపారం అంటారు, దిగుమతి కోడ్ (వ్యాపార దిగుమతులకు కావాల్సిన నంబరు) అడుగుతారు.

ఆ ఐదో మోటారు మాత్రం తప్పకుండా తెప్పించుకోండి. బేరింగ్ పోయిన ఒక్క మోటారును వెనక్కి పంపే ఖర్చు దాని ధరను మించిపోతుంది. తిరిగి ఎగుమతి చేసిన సరుకుపై సుంకం వాపసు ఇచ్చే నిబంధన ఉన్నా, హాబీ పార్సిల్‌కు ఆ కాగితాల పని గిట్టదు.

గిఫ్ట్ మాట మరచిపోండి. ఆన్‌లైన్‌లో కొన్న సరుకును గిఫ్ట్‌గా క్లియర్ చేయించుకోవడాన్ని 2019 డిసెంబర్‌లోనే నిషేధించారు. ప్రాణరక్షక మందులు, రాఖీలకే మినహాయింపు. విలువ తగ్గించి రాయమని అమ్మేవాడిని అడగడం ఇంకా ప్రమాదం. అధికారి అదే మోటారు ధర వెబ్‌సైట్‌లో క్షణంలో చూడగలడు. సరుకు జప్తు కావచ్చు, విడిపించుకోవడానికి జరిమానా కట్టాల్సి రావచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2022 ఫిబ్రవరి నుంచి పూర్తి డ్రోన్ దిగుమతి నిషేధం. విడదీసిన కిట్ రూపంలో తెచ్చినా అంతే. విడిభాగాలకు మాత్రం అనుమతి అక్కర్లేదు. కాబట్టి ఫ్రేమ్ నుంచి ప్రొపెల్లర్ల దాకా అన్నీ ఒకే పెట్టెలో రప్పించకండి, అది కిట్ లెక్కలోకి పోవచ్చు. రేడియో ట్రాన్స్‌మిటర్‌కు, వీడియో ట్రాన్స్‌మిటర్‌కు టెలికాం శాఖ ఈటీఏ (వైర్‌లెస్ పరికరం మోడల్‌కు ఇచ్చే) ఆమోదం కావాలి. అది లేని మోడల్ కస్టమ్స్ దగ్గర ఆగిపోతే దాని డబ్బు పోయినట్టే. లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలకు విమాన రవాణా ఆంక్షలు ఎక్కువ. బ్యాటరీలు, ఫ్రేమ్ ఇక్కడే కొనండి. చిన్నగా, తేలిగ్గా ఉండి ధర ఎక్కువ పలికే ఈఎస్‌సీ, ఫ్లైట్ కంట్రోలర్ లాంటివే బయటినుంచి తెప్పించడం గిట్టుబాటు.

కొనేముందు విదేశీ ధరను 1.8తో గుణించండి. మీ ఆర్డర్‌లో తేలిన నిష్పత్తి అది. ఇక్కడి దుకాణంలో జీఎస్టీ బిల్లుతో అంతకంటే తక్కువకు దొరికితే ఇక్కడే కొనండి. వారంటీకి అడగడానికి ఒక మనిషైనా ఉంటాడు.

మీ జీతానికి ఏడాదికి ఇలాంటి ఆర్డర్ ఒక్కటి సరిపోతుంది. నెలకు రూ.2,500 చొప్పున రికరింగ్ డిపాజిట్ వేస్తే పన్నెండు నెలలకు 30,000, పైన కాస్త వడ్డీ. ఆర్డర్ పెట్టిన రోజున అందులోంచి 16,000 రూపాయల సరుకుకైతే కనీసం 7,500 సుంకం, రుసుముల కోసం పక్కన ఉంచండి. పార్సిల్ గుమ్మంలోకి వచ్చాక ఆ డబ్బు కోసం కార్డు గీకి, బాకీని తర్వాతి నెలకు నెట్టారో, నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఆరోగ్య బీమా, మూడు నెలల ఖర్చులకు సరిపడా నిల్వ ఇంకా లేకపోతే ఈ డిపాజిట్ ఆ తర్వాతే మొదలుపెట్టండి.