ఈసారి రొట్టె ఇవ్వాల్సింది ఆయనే

నెల్లూరు రొట్టెల పండుగకు మూడో ఏడు వస్తున్నా జనం మీ ఆయనను ‘విదేశీయుడు’ అంటూ చుట్టుముడుతున్నారని, ఆయన నొచ్చుకుంటున్నారని రాశారు. ఆ పిలుపు ఇప్పట్లో పోదండీ, పోవాలని పట్టుబట్టవద్దనండి. కెమెరా మాత్రం బసలోనే వదలాలి. రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే చెరువులో ఆడవాళ్లు తడిబట్టలతో ఉంటారు.

నిరుడు ఆయన ఆరోగ్యం కోరుకుని ‘ఆరోగ్య రొట్టె’ తీసుకున్నారన్నారు కదా. కోరిక తీరినవారు మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ, కాబట్టి ఈసారి ఇవ్వాల్సింది ఆయనే! తలకు రుమాలు కట్టుకుని, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ‘ఆరోగ్య రొట్టె’ అని తెలుగులోనే పిలవమనండి. అడిగినవారికి రెండు చేతులతో అందించాలి. ఆ క్షణంలో అవతలివాళ్లు చూసేది రొట్టెనే, ఆయన రంగును కాదు. నేను కళ్లారా చూశాను.

చెరువు గట్టునే ఉన్న బారాషహీద్ దర్గాలో 12 మంది అమరుల సమాధుల దగ్గర తోపులాట ఎక్కువ, వరుసలోనే వెళ్లండి. పూలు నిరుడు కొన్న అంగడిలోనే కొనండి.