వెర్షన్ నంబరును ఫైల్లో దాచవద్దు, గిట్‌నే అడగండి

ప్రతి బిల్డ్‌కూ, అంటే కోడ్‌ను కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాముగా మార్చిన ప్రతిసారీ, వెర్షన్ నంబరుకు ఒకటి కలిపే స్క్రిప్టు రాసి, ఆ నంబరున్న హెడర్ ఫైలును (మిగతా కోడ్ ఫైళ్లు కలుపుకుని వాడుకునేది) గిట్‌లో, అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనంలో, మళ్లీ కమిట్ చేయడం (మార్పుగా నమోదు చేయడం) మంచి పద్ధతేనా అని అడిగారు. నేను ఆ దారిలో రెండేళ్లు నడిచి వెనక్కి వచ్చినవాణ్ణి. వద్దనే చెబుతాను.

అప్పట్లో ఒక చిన్న సంస్థలో లారీల వేబ్రిడ్జిలకు సాఫ్ట్‌వేరు రాసేవాళ్లం. నలుగురం, సీ ప్లస్ ప్లస్, ఏ ఫైలును ఎలా కంపైల్ చేయాలో ‘మేక్’ అనే సాధనానికి చెప్పే ఒక మేక్‌ఫైలు. వెర్షన్‌ను చేత్తోనే మార్చేవాళ్లం. ఒకరోజు ఒక రైస్ మిల్లు నుంచి ఫోను వచ్చింది: ఖాళీ లారీ బరువు తీసివేయకుండానే చీటీ ముద్రిస్తోందట. తెర మీద వెర్షన్ ఎంత ఉందంటే 2.4.1 అన్నారు. నా దగ్గరున్న 2.4.1లో ఆ తప్పు లేదు. సాయంత్రానికి తేలిందేమిటంటే, ఒకే నంబరుతో రెండు వేర్వేరు ప్రోగ్రాములు బయటికి వెళ్లాయి. రెండోది మాలో ఒకరు కమిట్ చేయని సవరణతో తన కంప్యూటర్లో కంపైల్ చేసి పంపినది.

ఆ కంగారులో మీరు చెప్పిన స్క్రిప్టే రాశాం. నంబరు మార్చడం మరచిపోయే బెడద పోయింది కానీ, రెండు బ్రాంచీలు (ఒకే కోడ్ మీద విడిగా సాగే పని దారులు) వేర్వేరు నంబర్లకు చేరి, కలిపిన ప్రతిసారీ ఆ ఒక్క వరుస దగ్గరే కొట్టుకునేవి. అంతకన్నా ఘోరం, కొత్త కమిట్ రాగానే తనంతట తానే బిల్డ్ చేసే బిల్డ్ సర్వరు నంబరు పెంచి కమిట్ చేసేది, ఆ కమిట్‌ను చూసి తనే మరో బిల్డ్ మొదలుపెట్టేది. ఒక ఉదయం వచ్చి చూస్తే చరిత్రంతా నంబరు పెంచిన కమిట్లే.

చివరికి నిలిచిన పద్ధతి ఇది. విడుదల రోజున చేత్తో ఒక ట్యాగ్, అంటే ఆ కమిట్‌కు వెర్షన్ నంబరుతో ఒక పేరు, పెడతాం. 2.4 నుంచి 2.5కు వెళ్లాలా, 3.0కు వెళ్లాలా అన్నది మనిషే తేల్చాలి, దాన్ని యంత్రానికి అప్పగించలేదు. మిగతాదంతా ‘గిట్ డిస్క్రైబ్’ ఆదేశం చూసుకుంటుంది. దగ్గరలోని ట్యాగ్, దాని తర్వాత ఎన్ని కమిట్లు వచ్చాయి, ప్రస్తుత కమిట్ గుర్తు ఏమిటి, ఈ మూడింటినీ కలిపి ఒక వరుసగా ఇస్తుంది. ‘డర్టీ’ ఆప్షను జోడిస్తే, కమిట్ కాని మార్పులు ఉన్నప్పుడు చివర ఆ మాట చేరుస్తుంది. మామూలుగా ఇది సందేశంతో పెట్టిన ట్యాగులనే లెక్కలోకి తీసుకుంటుంది. ఉత్త ట్యాగులు కూడా చూడాలంటే ‘ట్యాగ్స్’ ఆప్షను కూడా ఇవ్వాలి.

మీ కంప్యూటర్లో చక్కగా పనిచేసి సర్వరులో పేర్లేమీ దొరకలేదంటూ ఆగిపోతే కంగారు పడకండి. గిట్‌హబ్ వాళ్ల బిల్డ్ సేవ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో, కోడ్‌ను సర్వరుకు తెచ్చే ‘చెకౌట్’ అడుగు మామూలుగా చివరి కమిట్ ఒక్కదాన్నే తెస్తుంది, ట్యాగులు రావు. ఫెచ్ డెప్త్ విలువను 0గా పెడితే చరిత్ర మొత్తం వస్తుంది. దీనికి నాకు ఒక పూట పట్టింది.

అసలు చిక్కు కంపైల్ దగ్గర ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన నాటి నుంచీ మేక్ చూసేది ఫైలు ఎప్పుడు మారిందన్నదే కానీ లోపల ఏముందన్నది కాదు. గిట్ ఇచ్చిన వరుసతో బిల్డ్ సమయంలో తయారయ్యే, కమిట్ చేయని వెర్షన్ హెడర్‌ను ప్రతిసారీ తిరగరాస్తే, దాన్ని వాడుకునే ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. అందుకే కొత్త వరుసను ముందు తాత్కాలిక ఫైల్లో రాసి, పాతదానితో పోల్చి, తేడా ఉంటేనే మార్చండి. దానితో పాటు ఆ హెడర్‌ను ఒకే ఒక్క సోర్సు ఫైల్లో వాడి, మిగతా ప్రోగ్రాముకు ఒక ఫంక్షన్ ద్వారా అందించండి. మాకు వెర్షన్ మారితే కంపైల్ అయ్యేది ఇప్పుడు ఆ ఒక్క ఫైలే.

విండోస్ కోసమైతే ఇంకో మాట. ఫైల్ వెర్షన్‌లో నాలుగు సంఖ్యలుంటాయి, ఒక్కొక్కటి 65535 దాటకూడదు. తేదీని ఆరంకెల సంఖ్యగా అందులో ఇరికించబోయి భంగపడ్డాం. మూడు సంఖ్యలు ట్యాగ్ నుంచి, నాలుగోది కమిట్ల లెక్క నుంచి తీసుకోండి. పూర్తి వరుసను ప్రొడక్ట్ వెర్షన్‌లో అక్షరాలుగానే రాయవచ్చు.

‘డర్టీ’ అని చూపిన బిల్డ్‌ను బయటికి పంపకుండా స్క్రిప్టులోనే ఆపేయండి. మేం ఆ అడ్డు పెట్టకముందు ఒకటి జారిపోయింది. మిల్లు గుమాస్తా గారు ఫోను చేసి, “మా కంప్యూటరు రోజూ తుడుస్తూనే ఉన్నామండీ, మురికి అంటోందేమిటి?” అని అడిగారు. ఆ మాటకు బదులు మనకు నచ్చిన గుర్తు పెట్టుకునే వీలు గిట్‌లోనే ఉందని ఆ రోజే వెతికి తెలుసుకున్నాను.