అమ్మానాన్నలతో పల్లె కాటేజీకి వెళ్లే ముందు

జులైలో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారనీ, వారిని ఒక వారం కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో కాటేజీ తీసుకుని ఉంచాలని ఉందనీ, ముందుగా ఏమేం చూసుకోవాలో చెప్పమనీ ఈమధ్యే ఇంగ్లండులోని రెడింగ్‌కు వచ్చిన ఒక యువజంట అడిగారు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటూ, ఇంచుమించు ప్రతి వేసవిలోనూ ఏదో ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్న అనుభవంతో నేను చెప్పే మొదటి మాట ఒక్కటే: పెద్దవాళ్లు వస్తున్నప్పుడు అన్నిటికంటే ముందు ఆ ఇంటి మెట్ల గురించి అడగండి.

ఫొటోల్లో అంత ముచ్చటగా కనిపించే ఈ రాతి ఇళ్లు చాలావరకు వందల ఏళ్ల కిందట రైతులూ గని కార్మికులూ ఉండటానికి కట్టుకున్నవి. గుమ్మాలు వంగి దాటాలి, పైకప్పు దూలాలు తలకు తగులుతాయి, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. వీటిలో ఎన్నో వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నందువల్ల, అనుమతి లేకుండా యజమాని కూడా వాటి రూపు మార్చడానికి వీల్లేదు.

కొన్నేళ్ల కిందట మా అమ్మ వచ్చినప్పుడు నేను కిటికీలోంచి కనిపించే కొండను చూసి అలాంటి ఇల్లే తీసుకున్నాను. మెట్ల పక్కన కమ్మీకి బదులు గోడకు బిగించిన ఒక లావుపాటి తాడు ఉంది. మలుపు దగ్గర మెట్టు ఒక పక్కన నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. పడకగదులు పైన, బాత్‌రూమ్ కింద వంటగది వెనక. మోకాళ్ల నొప్పులతో రాత్రి రెండుసార్లు లేచే అమ్మ, ఆ తాడు పట్టుకుని ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుంటూ దిగడం నేను చూశాను. మూడో రాత్రి నుంచి కింద సోఫా మీదే పడుకుని, “నాకిక్కడే హాయిగా ఉందిరా” అంది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకని పడకగదీ బాత్‌రూమూ ఒకే అంతస్తులో ఉన్నాయా, స్నానానికి తొట్టిలోకి కాలెత్తి దిగాలా, ఆరుగురు పడుకోవచ్చన్న లెక్కలో హాల్లోని సోఫాను కూడా కలిపారా అని యజమానిని సూటిగా అడగండి. పాత పశువుల కొట్టాలను బాగుచేసి కట్టిన ఒకే అంతస్తు ఇళ్లు కూడా అద్దెకు దొరుకుతాయి. అద్దె కాస్త ఎక్కువైనా వాటినే చూడమంటాను. చెంబు మీ వెంట తీసుకెళ్లండి. బాత్‌రూమ్ నేల మీద నీళ్లు పోయే తూము ఉండదనీ, షవర్ బయట పడిన నీరు చెక్కల సందుల్లోంచి కింది గది పైకప్పులోకి దిగుతుందనీ మొదటి రోజే పెద్దవాళ్లకు నెమ్మదిగా చెప్పండి.

వారం అద్దెలు సాధారణంగా శుక్రవారం నుంచి శుక్రవారానికో, శనివారం నుంచి శనివారానికో ఉంటాయి. సాయంత్రం నాలుగు తర్వాత రానిస్తారు, వెళ్లే రోజు ఉదయం పదికల్లా ఖాళీ చేయాలి. బడులకు వేసవి సెలవులు ఇచ్చేది జులై మూడో వారం తర్వాతే కాబట్టి, బడికి వెళ్లే పిల్లలు లేని మీరు నెల మొదట్లోనే వెళితే అద్దె బాగా తగ్గుతుంది. అయితే పెద్దవాళ్ల వీసా చేతికి రాకముందే పూర్తి డబ్బు కట్టకండి, ఎందుకంటే ప్రయాణ తేదీ దగ్గరపడ్డాక రద్దు చేసుకుంటే చాలాచోట్ల పైసా తిరిగి రాదు.

ఈ దేశంలో స్థిరపడిన నాటి నుంచి పన్నెండు నెలల వరకు మన భారత లైసెన్సుతో కారు నడపవచ్చు కానీ, కొండదారులు వేరు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని హార్డ్‌నాట్ కనుమలో కొన్నిచోట్ల మూడు అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు పైకి లేచేంత ఎత్తు ఉంటుంది. నావిగేషన్ చూపించినా కొత్తవాళ్లు ఆ దారి పట్టవద్దు. పల్లెల్లో ఒకే పోస్ట్‌కోడ్ కింద దూరదూరంగా అనేక ఇళ్లుంటాయి, ఫోన్ సిగ్నల్ ఉండదు. అందుకే యజమాని పంపిన దారి వివరాలు కాగితం మీద రాసుకుని, వెలుతురు ఉండగానే చేరండి.

వంట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పొయ్యి ఇండక్షన్‌దైతే మన అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు, అడుగుకు అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ కావాలి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, వంటగది తలుపు మూయండి. పొగ అలారం మోగుతుందని దానికి గుడ్డ చుట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే ఉంటుంది కనుక మిగిలిన నూనె సింకులో పోయకుండా పాత సీసాలో పోసి పక్కన పెట్టండి. చెక్కబల్ల మీద పడిన పసుపు మరక వెంటనే తుడవకపోతే ఇక పోదు. బియ్యం, పప్పు, చింతపండు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఇంగ్లండులో పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటలే తెరిచి ఉంటాయి కాబట్టి, శనివారం దారిలోనే పాలు, పెరుగు, కూరలు కొనుక్కోవడం మేలు.

ఇక అక్కడికి చేరాక, పెద్దవాళ్లను కొండలెక్కించాలని చూడకండి. టార్న్ హౌస్ చెరువు చుట్టూ రెండు మైళ్లకు లోపే ఉన్న బాట దాదాపు చదునుగా ఉంటుంది. కెస్విక్ ఊళ్లో పడవల రేవు నుంచి సరస్సు ఒడ్డునున్న ఫ్రయర్స్ క్రాగ్ అనే రాతి గుట్టకు నాన్నగారు కూడా మెల్లగా నడవగలరు. అలసిపోతే రేవుకు తిరిగి వచ్చి, డెర్వెంట్‌వాటర్ సరస్సును చుట్టి వచ్చే పడవ ఎక్కించండి, కూర్చున్నచోటు నుంచే కొండలన్నీ చూస్తారు. జులైలోనైనా సరస్సు మీద గాలి చల్లగా ఉంటుంది, అమ్మగారికి శాలువా, మంకీ క్యాప్ మరచిపోకండి.