త్రిఫల చూర్ణంలో సీసం ఉంటే ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా అత్తమ్మకు 62 ఏళ్లు. మలబద్ధకం తగ్గాలని నాలుగేళ్లుగా రోజూ రాత్రి చెంచాడు త్రిఫల చూర్ణం వేసుకుంటోంది. కరక్కాయ, తానికాయ, ఎండు ఉసిరి కొట్లో కొని గిర్నిలో పట్టిస్తాం. అప్పుడప్పుడు మా మూడేళ్ల బాబుకూ తేనెతో నాకిస్తుంది. మూలికల్లో సీసం ఉంటుందని చదివి భయమేసింది. ఉసిరికాయ కోస్తే చాకు నల్లబడుతోంది, అది సీసమేనా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ నలుపు సీసం కాదమ్మా. ఉసిరిలోని టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. తలకు పెట్టుకునే ఉసిరి పొడిని ఇనప మూకుడులో నానబెట్టేది అందుకే. సీసం అలా కంటికి కనిపించదు, రుచికీ వాసనకూ అందదు.

చెట్టు పెరిగిన నేల నుంచి, పారిన నీటి నుంచి, కాయలు ఆరబోసిన చోటి దుమ్ము నుంచి అది చేరుతుంది. కడిగితే పైదుమ్ము పోతుంది గానీ కాయలోకి చేరింది కడిగినా, వేయించినా పోదు. ల్యాబ్‌లో పరీక్ష ఒక్కటే దారి. పొడిని యాసిడ్‌లో కరిగించి ఐసీపీ-ఎంఎస్ యంత్రంతో కొలుస్తారు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పట్టించిన పొడినే ఇవ్వండి. మన ఆయుర్వేద ప్రమాణాల ప్రకారం కిలో పొడిలో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇనుము, జింకు, క్యాల్షియం కూడా కొలుస్తామంటారు. చెంచాడు పొడిలో వచ్చే ఖనిజాల కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

రిపోర్టులో సీసం 9 అని వస్తే 'పరిమితిలోనే ఉంది' అని ఊరుకోకండి. కిలోకు 9 మిల్లీగ్రాములంటే, 5 గ్రాముల చెంచాతో రోజుకు 45 మైక్రోగ్రాములు లోపలికి వెళ్లినట్టే. అలాంటి పొడి ఏళ్ల తరబడి వాడమని నేను చెప్పను.

ఇంకో మాట. ఒంట్లో సీసం పెరిగితే కడుపునొప్పి, మలబద్ధకం వస్తాయి, రక్తం తగ్గుతుంది. మలబద్ధకం పెరిగిందని ఇంకో అర చెంచా కలిపితే సీసమూ పెరుగుతుంది. ఈమధ్య అత్తగారు మోతాదు పెంచారేమో అడగండి. చూర్ణం ఆపి, రక్తంలో సీసం, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించండి. సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 'సీసం కడిగేసే' మందులంటూ ఎవరేమి ఇచ్చినా సొంతంగా వాడొద్దు. ఈలోగా ఇసబ్గోల్, సరిపడా నీళ్లు ఇచ్చి చూడండి.

బాబు విషయంలో మాత్రం రిపోర్టు కోసం ఆగకండి, ఇవాళే మాన్పించండి. నోటి ద్వారా వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. వాడికీ రక్తపరీక్ష చేయించి, ఆ కాగితంతో పిల్లల డాక్టరును కలవండి.