పాత మార్టినీ-హెన్రీ లివర్ సగంలో ఆగిపోతుంటే ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నేపాల్ నుంచి వచ్చిన మార్టినీ-హెన్రీ (పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ సైనిక రైఫిల్) ఒకటి అమెరికాలో కొన్నారు. లివర్ కిందికి లాగితే సగం వరకు వచ్చి మొరాయిస్తోంది. బలవంతంగా లాగితే దిగుతోంది కానీ ఒక్కోసారి కాక్ అవుతోంది (అంటే పేలడానికి సిద్ధమవుతోంది), ఒక్కోసారి అవడం లేదు. ట్రిగ్గర్ నొక్కితే 'టక్' అనే చప్పుడు కూడా నీరసంగానే వస్తోంది. మెయిన్ స్ప్రింగ్ పోయిందా, కొత్త విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు.

విడిభాగాల కోసం ఇప్పుడే డబ్బు పెట్టకండి. నేను డల్లాస్ దగ్గర ఉంటాను, నా దగ్గర ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో తయారైన మార్క్ 2 (ఈ రైఫిల్ రెండో నమూనా) ఒకటి ఉంది. అది చేతికొచ్చినప్పుడు దాదాపు మీరు చెప్పిన లక్షణాలే. లోపల ఒక్క ముక్క కూడా విరగలేదు. ఉన్నదల్లా గ్రీజు. ఈ తుపాకులు కాఠ్మాండులోని పాత ఆయుధాగారంలో దశాబ్దాలపాటు పడి ఉండి, 2003లో గుత్తగా అమ్ముడుపోయి ఇక్కడికి వచ్చాయి. అక్కడ పూసిన గ్రీజు ఎండిన పనస జిగురులా పట్టేసి ఉంటుంది. బయట ఎంత తుడిచినా లోపలి సంగతి అలాగే మిగిలిపోతుంది.

కానీ శుభ్రం చేయడానికి ముందు ఇంకో పని ఉంది. మీ చేతిలో ఉన్నది నిజంగా ఏ తుపాకో తేల్చుకోండి. బయటికి మార్టినీలా కనిపించేవన్నీ లోపల ఒకటి కావు. బ్రిటిష్ వాళ్లు చేసిన అసలు మార్టినీ-హెన్రీలో కుడివైపు కిరీటం, దాని కింద వీ.ఆర్. అక్షరాలు, తయారీ చోటు, సంవత్సరం, మార్క్ అంకె కనిపిస్తాయి. నేపాల్‌లోనే చేసిన గహేంద్ర రైఫిల్ అచ్చం ఇలాగే ఉంటుంది గానీ లోపలి ఏర్పాటు వేరు, అది వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే బ్రిటిష్ తుపాకుల సంస్థ పద్ధతి. ఫ్రాంకోట్ అనే బెల్జియం సంస్థ పద్ధతిలో చేసినవి కూడా ఉన్నాయి. గహేంద్రలో మార్టినీ స్ప్రింగ్ పట్టదు. నేపాలీ పనివాళ్లు చేతితో అరగదీసి కూర్చినవాటిలో అయితే ఒక గహేంద్ర ముక్క ఇంకో గహేంద్రకే సరిగ్గా కూర్చోకపోవచ్చు. చాలావాటి మీద దేవనాగరి అంకెలు కొట్టి ఉంటాయి. ఇక్కడి తోటి కలెక్టర్లు వాటిని చూసి తలలు పట్టుకుంటారు, బళ్లో హిందీ చదువుకున్న మనకు ఆ ఇబ్బంది లేదు. వేరు వేరు ముక్కల మీద అంకెలు కనిపిస్తే అవి కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే ఎవరో ఎప్పుడో రెండు తుపాకుల సామాను కలిపారని అర్థం, అప్పుడు మీ సమస్యకు కారణం గ్రీజు ఒక్కటే కాకపోవచ్చు.

ఇక లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్తాను, అది తెలిస్తే రోగం ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది. తూటా వెనక అడ్డంగా ఉండే బ్లాక్ తన వెనక కొసన ఒక పిన్ను మీద ఊగుతుంది. లివర్ దించితే బ్లాక్ ముందు భాగం కిందికి పడుతుంది. అదే కదలికలో లివర్ కొన టంబ్లర్ అనే ముక్కను తిప్పుతుంది. టంబ్లర్ చేయి బ్లాక్ లోపలికి వెళ్లి, తూటాను కొట్టి పేల్చే స్ట్రైకర్‌ను, దాని చుట్టూ ఉన్న చుట్ట స్ప్రింగ్ అదుముకునేలా, వెనక్కి లాగుతుంది. చివర్లో టంబ్లర్ గాడి కింద ఉన్న ఆనింపులో పడి ఆగుతుంది, అదే కాక్ అవడం. బయట కుడివైపు కన్నీటి బొట్టు ఆకారంలో చిన్న సూచిక ఉంటుంది చూశారా, అది టంబ్లర్‌తో పాటే తిరుగుతుంది. మీది ఒక్కోసారే కాక్ అవుతోంది అన్నారు కాబట్టి లివర్ దించుతూ ఆ సూచికనే గమనించండి. అది సగంలో ఆగిపోతుంటే టంబ్లర్ పూర్తిగా తిరగడం లేదన్నమాట. పూర్తిగా తిరిగి కూడా వెనక్కి జారిపోతుంటే అప్పుడు గాడి అరిగిందేమో అని అనుమానించాలి. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

విప్పే ముందు బారెల్ మూతి నుంచి రాడ్ దూర్చి లోపల ఏమీ లేదని రూఢి చేసుకోండి. నూట ముప్పై ఏళ్లు దాటిన తుపాకీ కదా, లోపల ఏముంటుందిలే అనుకోవద్దు.

బ్లాక్ వెనక పిన్ను కొస చీలి ఉంటుంది, ఆ చీలిక స్ప్రింగులా పనిచేసి పిన్నును పట్టి ఉంచుతుంది. రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నాననివ్వండి. తర్వాత ఇత్తడి పుల్ల ఆనించి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి, కదిలిన వైపుకే పంపండి. కదలకపోతే ఇంకా నానాలి, అంతేగానీ పెద్ద సుత్తి తీసుకోకూడదు. పిన్ను వచ్చాక బ్లాక్ ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కిపట్టి లివర్ కిందికి లాగితే వెనక భాగం పైకి లేస్తుంది. వేలు నలగకుండా చూసుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. బ్లాక్ బయట ఉండగా లివర్ ఆడించి చూడండి. టంబ్లర్ హాయిగా తిరుగుతుంటే తప్పు బ్లాక్ లోపల ఉంది, అంటే స్ట్రైకర్ నడిచే గొట్టంలో. అప్పటికీ బిగుసుకునే ఉంటే తప్పు కింద, లివర్, టంబ్లర్ ఉన్న చోట ఉంది. నా తుపాకీలో బ్లాక్ లోపలే. స్ట్రైకర్ గోధుమ రంగు ముద్దలో కూరుకుపోయి ఉంది, స్ప్రింగ్ చుట్టల మధ్య కూడా అదే ముద్ద. చుట్టలు అదుముకోవడానికి చోటే లేదు కాబట్టి లివర్ సగంలో ఆగింది, స్ట్రైకర్ జారలేదు కాబట్టి దెబ్బ నీరసంగా పడింది. మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిసి రావడం వల్లే నా అనుమానం అటు పోతోంది.

బ్లాక్‌లో స్టాప్ నట్ ఉంటుంది, దాన్ని తిరగకుండా పట్టే బుల్లి స్క్రూ ఒకటి. ముందు ఆ స్క్రూ తీయాలి. మామూలు స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా ఉంటుంది, గాడిలోంచి జారి అంచులు చెడగొడుతుంది. గాడికి సరిగ్గా సరిపోయే కొన ఉన్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) స్క్రూడ్రైవర్ వాడండి. ఆ స్క్రూ పోతే హార్డ్‌వేర్ షాపులో దొరకదు. ఆ కాలపు ఎన్‌ఫీల్డ్ మరలు ఇప్పటి కొలతలకు కుదరవు. నట్ వదులయ్యేటప్పుడు వెనక స్ప్రింగ్ ఒత్తిడి ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ కప్పి విప్పండి. ముక్కలన్నీ మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పల్చన చేసే ద్రావకం)లో నానబెట్టి, పళ్లు తోముకునే పాత బ్రష్‌తో రుద్దండి. మొండికేస్తే ఆరాక హీట్ గన్‌తో కొంచెం వేడి చేస్తే చాలు. ద్రావకంలో తడిసిన ముక్క దగ్గరికి హీట్ గన్ తీసుకురాకండి. తిరిగి కూర్చేటప్పుడు పల్చటి నూనె ఒక పొర, అంతే. మళ్లీ గ్రీజు దట్టించేవాళ్లను చూశాను, వాళ్లను ఏమనాలో తెలియదు.

శుభ్రం చేశాక కూడా కాక్ నిలవకపోతే టంబ్లర్ గాడికి ఆకురాయి పెట్టకండి. ఆ ముక్కల పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు. కొంచెం అరగదీస్తే మెత్తని లోపలి భాగం బయటపడుతుంది. మొదట్లో బాగా పనిచేసినట్టే ఉండి, తర్వాత లివర్ మూయగానే పేలే స్థితికి వస్తుంది. అక్కడ గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాలి. మరీ కొత్తవాడి దగ్గరికి వెళ్తే మార్టినీ ఎప్పుడూ విప్పి ఉండడు, అడిగి కనుక్కోండి.

ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా మూసుకుని, తూటా పెడితేనే మూసుకోకపోతే యాక్షన్‌ను (లివర్, బ్లాక్ ఏర్పాటును) తప్పు పట్టకండి, ముందు తూటా కొలతలు చూడండి. కాల్చిన తొడుగు బయటికి రాకపోవడం వేరే కథ. పాత రోజుల్లో పల్చటి ఇత్తడి రేకు చుట్టి చేసిన తొడుగులు వేడికి అంటుకుపోయేవి, సూడాన్ యుద్ధంలో సైనికులు దీనితో నానా తిప్పలు పడ్డారు. మార్క్ 4లో లివర్ పొడుగు పెంచింది ఆ బాధ తగ్గించడానికే.

కాల్చే ఉద్దేశం ఉంటే బారెల్, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఒకసారి తెలిసినవాళ్లకు చూపించండి. ఈ తుపాకీ .577/450 తూటాకు, 85 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్‌కు (పాతకాలపు నల్లమందుకు), అంటే సుమారు ఐదున్నర గ్రాములకు, 480 గ్రెయిన్ల సీసపు గుండుకు చేసింది. ఇప్పటి పొగలేని పౌడర్ జోలికి పోవద్దు.

కింద వ్యాఖ్యల్లో ఎవరో ఇండియాలో వాళ్ల ఊళ్లో తాతగారి పాత తుపాకీ ఉంది, అదీ ఇలాగే బాగుచేసుకోవచ్చా అని అడిగారు. ఇక్కడ అమెరికాలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటిని ఫెడరల్ చట్టం పురాతన వస్తువుగానే చూస్తుంది, రాష్ట్రాల్లో నియమాలు మారుతాయి. ఇండియాలో అలా కాదు. 1959 ఆయుధాల చట్టంలో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్నా, అది బాగుచేసినా పేలనివాటికే. బాగుచేస్తే పేలేది అయితే లైసెన్సు కావాలి, బాగుచేసే వాడికీ లైసెన్సు కావాలి. కాబట్టి అటకమీద దొరికినదాన్ని విప్పకుండా ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, తర్వాత పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.

మీ తుపాకీ కుడివైపు ముద్రలు కనిపించేలా ఒక ఫొటో, లివర్ దించి బ్లాక్ పైభాగం కనిపించేలా ఇంకొకటి పెట్టండి. గహేంద్ర అయితే పైన చెప్పిన విప్పే పద్ధతి దానికి పనికిరాదు, ఆ ఫొటోలు చూసి తేల్చేదాకా పిన్ను ముట్టుకోకండి.