అన్‌కూత్ ఉంది, మరి కూత్ ఏదీ?

మీ అబ్బాయి సందేహం సబబైనదేనండీ: ఇంగ్లీషులో 'అన్' అంటే కాదని కదా, 'అన్‌కూత్' (uncouth) అంటే మోటు అయితే 'కూత్' అంటే నాజూకా అని. ఆ మాట ఒకప్పుడు ఉండేది, కాకపోతే అర్థం వేరు. పాత ఇంగ్లీషులో 'కూథ్' అంటే తెలిసిన, 'ఉన్‌కూథ్' అంటే తెలియని. ఎరగని మనిషి తీరు మనకు మోటుగానే తోస్తుంది కదా, అర్థం అలా జారింది. తెలిసినది పోయి తెలియనిది మిగిలింది!

అసంతృప్తితో ఉన్న అనే అర్థమిచ్చే 'డిస్‌గ్రంటిల్డ్' (disgruntled) సంగతి వేరు. అక్కడ 'డిస్' కాదనడానికి కాదు, సణుగుడు మోతాదు పెంచడానికి. 'ఇన్‌ఫ్లేమబుల్' (inflammable) అంటే తేలిగ్గా అంటుకునేది; అందులోని 'ఇన్' కూడా కాదనడానికి కాదు, ఆ మాట నిప్పంటించడమనే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. ట్యాంకరు మీద ఆ మాట చూసి 'అంటుకోదులే' అనుకుంటే కొంప కొల్లేరే.

అన్నట్టు, ఇంగ్లీషు 'అన్', మన 'అనర్హుడు'లోని సంస్కృత 'అన్' ఒకే మూలం నుంచి వచ్చినవి. అబ్బాయికి అది కూడా చెప్పండి.