రాత్రయితే ఎగిరే పింగ్

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. స్పీడ్ టెస్టులో 95 చూపిస్తోంది. పగలంతా గేమ్ బాగానే ఆడుతుంది. రాత్రి ఎనిమిది దాటితే పింగ్ 300, 400కి వెళ్లిపోతోంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారమని ఆపరేటర్ అంటున్నాడు. మారమంటారా సార్? – డిగ్రీ విద్యార్థి

వద్దు తమ్ముడూ, మారకు. ఇదే ప్రశ్న అమలాపురం నుంచి వచ్చింది, రాజోలు నుంచి వచ్చింది, పాలకొల్లు నుంచి రెండుసార్లు వచ్చింది. అందరికీ ఆపరేటర్లు చెప్పిన మందు ఒకటే, పెద్ద ప్లాన్. డబ్బు కట్టినవాళ్లు మళ్లీ రాసిన మాట కూడా ఒకటే, ఏమీ మారలేదని. ఎలా మారుతుంది? షూటింగ్ గేమ్ ఆడటానికి ఒక్క ఎంబీపీఎస్ కూడా పూర్తిగా ఖర్చు కాదు. నువ్వు నొక్కిన బటన్ సంగతి సర్వర్‌కు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే పింగ్. దాన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. కాలవ ఎంత వెడల్పు ఉందని ఇక్కడ ఎవరూ అడగరు. పడవ అవతలి రేవుకు వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందన్నదే లెక్క.

ఆ లెక్కకు ఒక హద్దు ఉంది. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కోనసీమ నుంచి ముంబయికి తిన్నగా గీత గీస్తే వెయ్యి కిలోమీటర్లు. రానూపోనూ 10 మిల్లీసెకన్లు, ఇంతకంటే తగ్గించడం ఎవరి తరమూ కాదు. తీగ తిన్నగా పోదు, దారిలో హైదరాబాదో చెన్నయో తగులుతుంది. అందుకే ముంబయి సర్వర్‌కు 30 నుంచి 50 వస్తుంటే నీ లైను మంచిదే. సింగపూర్ సర్వర్ ఎంచుకుని ల్యాగ్ అని బాధపడేవాళ్లూ నాకు రాస్తున్నారు. ఆ దూరం దాదాపు మూడు రెట్లు. ముందు గేమ్ సెట్టింగుల్లో సర్వర్ ఏ ఊరిదో చూసుకోవాలి.

కానీ నీకు పగలు బాగుంటోంది. దూరం రాత్రికి పెరగదు కదా. పోయిన వానాకాలం మా మేనత్తగారింట్లో నేను కళ్లారా చూసింది చెబుతాను.

వాళ్లది కొబ్బరి వ్యాపారం. దొడ్లో ఒలుపు అయ్యేదాకా కాయలు రాశులు పోసి ఉంటాయి. దొంగల భయంతో నాలుగు వైఫై కెమెరాలు పెట్టించారు. మూడు ఇంటి గోడలకు ఉన్నాయి. నాలుగోది దొడ్డి చివర కొబ్బరి చెట్టుకు మేకు కొట్టి బిగించారు. వాళ్ల మనవడు ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి ఆటకు కూర్చుంటే నిమిషానికోసారి తెర బిగుసుకుపోతోందని నా చుట్టూ తిరిగాడు. నెట్ కుర్రాడు మూడుసార్లు వచ్చి చూసి, “ఆయ్, లైను బాగానే ఉందండి” అని వెళ్లిపోయాడట. అతను చెప్పింది నిజమే.

వాడి ల్యాప్‌టాప్‌లో రెండు నల్ల కిటికీలు తెరిచాను. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి, ఒకదాంట్లో ఇంట్లో ఉన్న రూటర్ అడ్రసు 192.168.1.1, రెండోదాంట్లో బయటి అడ్రసు 8.8.8.8 ఇచ్చాను. చివర హైఫన్, టీ పెడితే ఆపేదాకా అంకెలు దొర్లుతూనే ఉంటాయి. సాయంత్రం ఆరింటికి రూటర్ 2, బయట 38. చీకటి పడి, దొడ్లో దీపం వేశాక మొదలైంది. రూటర్ అంకె 2, 3, 140, 2, 260, 310. చూడు, సమాచారం ఇంకా ఇల్లు దాటలేదు. పక్క గదిలో ఉన్న డబ్బాను చేరడానికే 310 మిల్లీసెకన్లు. ఇక ప్లాన్ మారిస్తే ఏం లాభం?

దొడ్లోకి వెళ్లి చెట్టు మీద కెమెరాను ఫోన్‌లో చూశాను. దీపానికి చేరిన ఉసిళ్లు కెమెరా ముందు నుంచి ఎగురుతున్నాయి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఒక్కొక్కటి తెల్లటి బంతిలా కనిపిస్తోంది. పురుగు కదిలిన ప్రతిసారీ కెమెరా మనిషి వచ్చాడనుకుని వీడియో తీసి పైకి పంపుతోంది. పైగా అంత దూరంలో దానికి సిగ్నల్ ఒక్క గీతే. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. సిగ్నల్ అందని పరికరం నెమ్మదిగా, చెప్పిందే మళ్లీ చెబుతూ మాట్లాడుతుంది. అది ముగించేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూడాలి. ఆ కెమెరా ప్లగ్ పీకాను. రూటర్ అంకె 2, 2, 3, 2. పిల్లాడు తెర వంకే చూస్తూ, “మావయ్యా, రోజూ నన్ను చంపింది ఈ ఉసిళ్లా!” అన్నాడు.

కాబట్టి నువ్వూ రాత్రి ఆ రెండు కిటికీలు తెరిచి చూడు. రూటర్ అంకే ఎగురుతుంటే జబ్బు ఇంట్లోనే ఉంది. కంప్యూటర్‌కు ల్యాన్ వైరు లాగు, మేడ మీది గదికైనా పర్వాలేదు, ఆ వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. టైప్ సీ అడాప్టర్ పెడితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా ల్యాన్ వైరు తగిలించవచ్చు. అది కుదరకపోతే 5 గిగాహెర్ట్‌జ్ వైఫైకి మారి, రూటర్ ఉన్న గదిలోనే ఆడు. కెమెరాలను వైరు మీదికి మార్చమను.

రూటర్ అంకె నిలకడగా ఉండి బయటి అంకె మాత్రమే ఎగిరితే దాని కథ వేరు. ఇంట్లో ఎవరో ఫొటోలు, వీడియోలు పైకి ఎక్కిస్తున్నప్పుడే ఎగిరితే అప్‌లోడ్ నిండిపోయిందన్నమాట. డబ్బా ఆ సమాచారాన్నంతా క్యూలో పెట్టి, నీ గేమ్ ముక్కను కూడా ఆ వెనకే నిలబెడుతోంది. దీని పేరు బఫర్‌బ్లోట్. రూటర్‌లో క్యూఓఎస్ లాంటిది, అంటే ఏ సమాచారం ముందు పోవాలో చెప్పే సెట్టింగ్ ఉంటే అప్‌లోడ్‌ను, డౌన్‌లోడ్‌ను అసలు వేగంలో 85, 90 శాతానికి కట్టేయి. ఎవరూ ఏమీ ఎక్కించకపోయినా రోజూ ఎనిమిది నుంచి పదకొండు దాకా ఎగురుతుంటే ఆపరేటర్ దగ్గర రద్దీ ఎక్కువైంది. ఆ అంకెలు ఫొటో తీసి వాళ్లకే పంపు.

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చే సంగతి ఒకటుంది. ఈ క్యూ జబ్బుకు మందు ఎప్పుడో దొరికింది. ఎఫ్‌క్యూ కోడెల్ అనే పద్ధతిని 2018లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ అందరికీ ఉచితంగా ప్రచురించింది. గేమ్‌ను, వీడియోను వేర్వేరు క్యూల్లో పెట్టి, అప్పుడప్పుడు వచ్చే చిన్న ముక్కలను ముందు పంపి, ఏ క్యూ పెరిగిపోకుండా చూడటమే అది చేసే పని. అయినా మన ఇళ్లకు వచ్చే డబ్బాల్లో చాలావాటికి అది లేదు. ఎనిమిది యాంటెనాలు, రంగు దీపాలు ఉన్న గేమింగ్ రూటర్లను మాత్రం పిల్లలకు వేల రూపాయలకు అమ్ముతున్నారు. దీపాలకు పెట్టిన ఖర్చులో కొంచెం క్యూ మీద పెడితే ఈ ఉత్తరాలు సగం తగ్గేవి. ప్లాన్ ప్రకటనలైనా డౌన్‌లోడ్ వేగమే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. అప్‌లోడ్ ఎంతో అడిగి తెలుసుకోవాలి.

మన ప్రాంతంలో తీగ కొబ్బరి చెట్ల మీదుగా వస్తుంది కాబట్టి ఇంకో మాట. మట్ట పడితే ఫైబర్ తెగకుండా ఊరికే మడత పడవచ్చు. ఆ మడత దగ్గర వెలుగు కారిపోతుంది. నెట్ ఉంటుంది, గేమ్ మాత్రం తెగి తెగి వస్తుంది. డబ్బా సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని ఉంటుంది, తీగలోంచి మీ ఇంటికి చేరిన వెలుగు ఎంతో చెప్పే అంకె అది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే మంచిది. మైనస్ 27 దాటి 28, 29 అలా పోతే ఆ అంకె చెప్పి మరీ లైన్‌మన్‌ను పిలిపించు.

ప్రశ్న: గేమ్‌లో నాట్ టైప్ స్ట్రిక్ట్ అని వస్తోంది. రూటర్‌లో నా పీసీకి డీఎంజెడ్ పెట్టేస్తే పింగ్ తగ్గుతుందని ఫ్రెండ్ చెప్పాడు. పెట్టేశాను. కొంచెం తగ్గినట్టే ఉంది. ఇలా ఉంచేయవచ్చా? – భీమవరం పాఠకుడు

ఇది చదువుతూనే లేచి ఆ సెట్టింగ్ తీసేయండి. మిగతాది తర్వాత చదవవచ్చు.

నాట్ టైప్ అంటే బయటివాళ్లు మీ గేమ్‌తో నేరుగా కలవడాన్ని రూటర్ ఎంతవరకు ఒప్పుకుంటుందో చెప్పే మాట. దానికీ పింగ్‌కూ మామూలుగా సంబంధం లేదు. అది స్ట్రిక్ట్‌గా ఉంటే కొన్ని గేముల్లో జట్టు దొరకడం ఆలస్యమవుతుంది, వాయిస్ చాట్ కలవదు. అంతే. మీకు తగ్గినట్టు అనిపించడం ఆ పూట రద్దీ తక్కువ ఉండటం వల్ల కావచ్చు. డీఎంజెడ్ అంటే బయటి నుంచి మీ ఇంటి గడప దాకా వచ్చిన ప్రతివాణ్నీ ఏమీ అడగకుండా మీ పీసీ దగ్గరకు పంపేయమని రూటర్‌కు చెప్పడం. గేమ్‌కు నిజంగా ఒక పోర్టు, అంటే రూటర్‌లో ఒక చిన్న ద్వారం కావాలంటే ఆ ఒక్కటే తెరవండి.

చాలామంది ఇళ్లలో మరో సంగతి ఉంటుంది. రూటర్ పేజీలో వ్యాన్ అడ్రసు, అంటే ఆపరేటర్ మీ రూటర్‌కు ఇచ్చిన అడ్రసు చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఆపరేటర్ ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతున్నాడన్నమాట. అప్పుడు మీరు ఎన్ని పోర్టులు తెరిచినా ఇంటర్నెట్ నుంచి ఎవరూ నేరుగా లోపలికి రాలేరు, నాట్ టైప్ కూడా మారదు. కానీ అదే ఆపరేటర్ లైను మీద ఉన్న వేరే ఇళ్ల పరికరాలు మీ తలుపు తట్టే అవకాశం ఉంటుంది. ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రసులు ఉంటే, బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్ వాటికి ఆన్‌లో ఉందో లేదో కూడా చూడాలి. అక్కడ ఒక్కో పరికరానికీ సొంత అడ్రసు ఉంటుంది.

నా భయం మీ పీసీ గురించి మాత్రమే కాదు. మేనత్తగారింట్లో ఆ రాత్రి ల్యాగ్ పోయాక రూటర్ పేజీ తెరిచాను. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. కెమెరాల రికార్డర్‌కు కూడా కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డే. వైఫై పాస్‌వర్డ్ మావయ్యగారి సెల్ నంబరు. ఆ నంబరే గేటు పక్కన బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది, కొబ్బరికాయలు కొంటాం అన్న మాట కింద. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంది. ఎవరినీ అడగకుండా లోపలి పరికరాలు తమకు కావలసిన పోర్టులు తామే తెరుచుకునే సౌకర్యం అది. ఆ జాబితాలో రికార్డర్ పేరు ఉంది. దొంగల కోసం పెట్టుకున్న కెమెరా వీధి తలుపు తనే తీసి పెట్టింది.

2016లో మిరాయ్ అనే బాట్‌నెట్, అంటే దొంగల చేతికి చిక్కిన పరికరాల దండు, సరిగ్గా ఇలాంటి డబ్బాలనే పట్టుకుంది. దానికి గొప్ప హ్యాకింగేమీ అవసరం పడలేదు. కంపెనీలు పెట్టి పంపిన 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా పట్టుకుని కెమెరాలు, రికార్డర్లు, రూటర్ల తలుపులు తట్టింది. లక్షల పరికరాలు దొరికిపోయాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాలతోనే సైట్ల పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే ఒక డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడి జరిగితే, అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్‌ను రాసిన ముగ్గురు కుర్రాళ్లు 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. గేమర్లందరూ గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, ఆ గొడవ మూలాలు మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్ల వ్యాపారంలో ఉన్నాయి. పోటీ సర్వర్‌ను ముంచేసి ఆటగాళ్లను తమవైపు లాక్కోవడానికి ఇలాంటి దాడులు వాడేవారు.

మీ ఇంటి రికార్డర్ అలా ఎవరి చేతికో చిక్కితే కెమెరా బొమ్మ మామూలుగానే వస్తుంది. అప్‌లోడ్ మాత్రం ఇంకెవరి మీదో దాడికి ఖర్చవుతుంది. మీకు తెలిసేది పింగ్ పెరగడం ఒక్కటే. మిరాయ్ మెమరీలోనే బతికేది, స్విచ్ ఆపి మళ్లీ వేస్తే పోయేది. పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపటికే మళ్లీ పట్టేది. అందుకని ముందు డీఎంజెడ్ తీసేయండి, యూపీఎన్‌పీ ఆపండి, రూటర్‌కూ కెమెరాలకూ రికార్డర్‌కూ వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టి, అప్పుడు అన్నీ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. రూటర్ పాస్‌వర్డ్ ఆపరేటర్ దగ్గరే ఉందంటే, మీ ఎదురుగా కూర్చోబెట్టి మార్పించుకోండి. అది మీ ఇల్లు, అడగడానికి మొహమాటం వద్దు. చెరువుల దగ్గర మకాంలో సిమ్ మీద కెమెరాలు నడిపే రొయ్యల రైతులకూ ఇదే చెబుతున్నాను. అక్కడ పాస్‌వర్డ్ ఎవరూ చూడరనుకుంటున్నారు. తట్టేది మనిషి కాదు, రాత్రింబవళ్లు తిరిగే ప్రోగ్రామ్.

ప్రశ్న: మా అబ్బాయి గేమ్ కోసం నా ఫోన్‌లో పింగ్ బూస్టర్ యాప్ ఒకటి వేశాడండి. ఏవో పర్మిషన్లు అడిగితే అన్నీ ఇచ్చాడట. ఫరవాలేదా? – గృహిణి, ముమ్మిడివరం

ఫరవాలేదని చెప్పలేనమ్మా. వెలుగు పోయే వేగాన్ని ఏ యాప్ పెంచలేదు. కొన్ని వీపీఎన్ సర్వీసులు మీ డేటాను తమ సర్వర్ల మీదుగా దారి మళ్లించి ఎప్పుడైనా కొన్ని మిల్లీసెకన్లు తగ్గించవచ్చు, అంతే. ఆ కాస్త కోసం మీ ఫోన్‌లోంచి వెళ్లే డేటా దారి మొత్తం ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టినట్టవుతుంది.

సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి చూడండి. ఆ యాప్ పేరు అక్కడ ఆన్‌లో ఉంటే, మీ తెర మీద ఏముందో చదవగలదు, మీ బదులు తనే నొక్కగలదు. గేమ్‌కు ఆ పర్మిషన్‌తో ఏ పనీ లేదు. ముందు దాన్ని ఆపి, ఎస్‌ఎంఎస్ పర్మిషన్ ఉంటే అదీ తీసి, యాప్ తొలగించండి. తొలగించనివ్వకపోతే డివైస్ అడ్మిన్ జాబితాలో దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ప్లే స్టోర్‌లోంచి కాకుండా లింకు నొక్కి వేసిన ఏపీకే (యాప్ ఫైలు) అయితే ఫొటోలు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించడమే మేలు. ఖాతాలోంచి తెలియని డబ్బు ఏదైనా పోయిందని కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అబ్బాయిని తిట్టకండి, ఆ యాప్ లింకు ఎక్కడ దొరికిందో అడిగి తెలుసుకోండి, వాడి స్నేహితుల ఫోన్లలో కూడా ఉండి ఉంటుంది. ఇవన్నీ అయ్యేదాకా ఆ ఫోన్‌లో మీ బ్యాంకు యాప్ తెరవకండి.